పిల్లల ప్రథమ దివ్యసత్ప్రసాదం, ఆకలిగా ఉన్నవాళ్ళతో పంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏడాదీ ప్రథమ దివ్యసత్ప్రసాదం (కతోలిక గుడి పూజలో ప్రభువు శరీరంగా మారిన అప్పాన్ని పిల్లలు మొదటిసారి తీసుకోవడం) క్లాసులు మొదలయ్యేసరికి అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయండి, పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర అడుగుతారు, రాత్రి పదింటికి వాట్సాప్‌లో అడుగుతారు, రేవు దగ్గర పడవ కోసం నిలబడి కూడా అడుగుతారు. అందుకే అన్నీ ఒకచోట రాశాను. తల్లిదండ్రులకి, జ్ఞాన తల్లిదండ్రులకి, మా గోదావరి లంకల్లో, కాలవ గట్ల మీద ఊళ్ళల్లో కొత్తగా సత్యోపదేశం చెప్తున్న అక్కలకీ అన్నయ్యలకీ ఇది. ఏ ప్రశ్న కావాలో అక్కడికి వెళ్ళిపోండి. సత్ప్రసాదం ఒక పాఠం, ఆకలి ఇంకో పాఠం అని నేను విడగొట్టి చెప్పను, పిల్లలకి ఆ రెండూ మొదటి రోజు నుంచి కలిసే అందాలని నా గట్టి నమ్మకం.

## క్లాసులు మొదలయ్యే ముందు

మా పాపకి ఏడేళ్ళే, ఇంకా చిన్నపిల్ల కదా, పదో పన్నెండో వచ్చాక పంపిస్తే కాదా?

అలా ఆపక్కర్లేదండి. ఒకప్పుడు చాలా దేశాల్లో పది పన్నెండేళ్ళు దాటితే గానీ ఇచ్చేవాళ్ళు కాదు, 1910 ఆగస్టు 8న పదవ పయస్ పోపు గారి కాలంలో రోము నుంచి వచ్చిన ఆజ్ఞతో అది మారింది, మంచీ చెడూ తెలిసే వయసు అంటే సుమారు ఏడేళ్ళు వస్తే చాలన్నారు. పిల్లకి తెలియాల్సింది మరీ పెద్ద వేదాంతం కాదు, ఇది మామూలు తిండి కాదని, యేసు ప్రభువే వస్తున్నారని తన వయసుకి తగ్గట్టు తెలిస్తే చాలు, ఆయన కావాలన్న ఆశ ఉండాలి. మా వైపు ఎక్కువగా మూడు నాలుగు తరగతుల పిల్లల్ని తీసుకుంటారు, మీ విచారణలో (అంటే మీ గుడి పరిధిలో) ఎప్పుడో ఫాదర్ గారిని అడగండి. ఆలస్యం చేస్తే సత్ప్రసాదానికి ఎక్కువ గౌరవం ఇచ్చినట్టు అని కొందరు పెద్దాళ్ళు అనుకుంటారు, ఆ పయస్ పోపు గారు ఒప్పుకోనిది సరిగ్గా ఆ ఆలోచననే.

అమ్మ కువైట్‌లో ఉంది, నాన్న పొద్దున్నే పనికి పోతాడు, ఇంట్లో అమ్మమ్మే, ఆవిడకి చదువు రాదు. పిల్లకి ఎవరు నేర్పిస్తారు?

అమ్మమ్మే నేర్పిస్తుందండి. మా ప్రాంతంలో ఇది ఒకరిద్దరి సంగతి కాదు, కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ ఎంతమంది తల్లులు గల్ఫ్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళారో మనకి తెలుసు. పిల్లల్ని సిద్ధం చేసే బాధ్యత ముందు తల్లిదండ్రులది, వాళ్ళ స్థానంలో ఉన్నవాళ్ళది, ఆ తర్వాత విచారణ గురువులది అని తిరుసభ (కతోలిక సంఘం) చట్టమే చెప్తుంది, అంటే అమ్మమ్మ లెక్కలోకి వస్తుంది. ఆవిడకి చదువు రాకపోయినా జపమాల వచ్చు, సిలువ గుర్తు వచ్చు, గుడిలోకి వెళ్ళగానే సత్ప్రసాదం ఉంచే మందసం వైపు తిరిగి మోకరించడం వచ్చు. చదవాల్సింది మేం క్లాసులో చూసుకుంటాం. అమ్మ కూడా దూరంగా ఉన్నానని వదిలెయ్యకూడదు, వీడియో కాల్‌లో "ఈ ఆదివారం ఏం చెప్పారమ్మా" అని అడిగితే పిల్ల ఆ వారం అంతా దాన్ని గుర్తుపెట్టుకుంటుంది.

జపాలన్నీ కంఠస్థం రాకపోతే ఆపేస్తారా? మా బాబుకి మాటే సరిగ్గా రాదు.

పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం నేర్పిస్తాం, కానీ అది పరీక్ష కాదు. మాట ఆలస్యంగా వచ్చే పిల్లలు, నెమ్మదిగా అర్థం చేసుకునే పిల్లలు ఉంటే ముందే ఫాదర్ గారితో మాట్లాడండి. ఇది వేరే అన్నం, ఇందులో యేసయ్య ఉన్నారు అని వాడి పద్ధతిలో వాడికి తెలుస్తోందా లేదా అన్నదే చూడాలి. అప్పం చూడగానే చేతులు జోడించే పిల్లాడు, గడగడా అప్పజెప్పే పిల్లాడి కన్నా వెనకబడ్డాడని నేను అనుకోను.

క్లాసుకొచ్చే పిల్లల్లోనే కొందరు ఆకలితో వస్తున్నారు, వాళ్ళకి "పంచుకోండి" అని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

చాలా మంచి ప్రశ్న, కొత్త టీచర్లు దీన్నే ముందు ఆలోచించాలి. బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం ఉంటుంది, ఆదివారం ఉండదు, మన క్లాసు ఉండేది ఆదివారమే. పొద్దున్న పూజకొచ్చి, తర్వాత క్లాసులో కూర్చుని, పదకొండింటికి కళ్ళు తిరుగుతున్నాయంటే ఆ పిల్లకి భక్తి తక్కువని కాదు, రాత్రి నుంచీ ఏమీ తినలేదని. కాబట్టి ముందు తినడానికి పెట్టండి. పూజ అవగానే గుగ్గిళ్ళో, అటుకులో, ఉప్మానో, అరటిపండో, ఖరీదైనది అక్కర్లేదు, కానీ అందరికీ ఒకటే, అందరూ ఒకే బంతిలో. ఎవరికి ఆకలిగా ఉందో చెయ్యెత్తమని అడగొద్దు, ఆకలిగా ఉన్న పిల్ల చెయ్యెత్తదు.

ఇక పంచుకోవడం అంటే ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి పెట్టడం అనే చెప్తే సగం క్లాసు తలొంచుకుంటుంది. యోహాను సువార్త 6లో రొట్టెలు తెచ్చిన పిల్లాణ్ణి చూడండి, వాడి దగ్గరున్నవి యవల రొట్టెలు, ఆ కాలంలో అవి పేదవాళ్ళ తిండి. అంత జనానికి పెట్టడానికి ప్రభువు వాడిచ్చిందే తీసుకున్నారు. ఈ కథ వినగానే పేదింటి పిల్లలు నిటారుగా కూర్చోవడం చాలాసార్లు చూశాను.

## క్లాసులో పిల్లలు అడిగేవి

ఇది నిజంగా యేసు ప్రభువేనా, గుర్తు మాత్రమేనా? పక్కింటి అంకుల్ వాళ్ళ చర్చిలో గుర్తే అన్నారు.

కతోలికులం నమ్మేది ఇది: పూజలో గురువు ప్రభువు మాటలు పలికి, పవిత్రాత్మ దిగిరావాలని ప్రార్థించినప్పుడు, అప్పం, ద్రాక్షరసం ఆయన శరీర రక్తాలుగా మారతాయి. రంగు, రుచి, వాసన మారవు, లోపలున్నది మారుతుంది. కడరా భోజనంలో, అంటే చనిపోయే ముందు రాత్రి శిష్యులతో చేసిన భోజనంలో, ఆయన "ఇది నా శరీరం" అన్నారు, ఆ మాటని ఆయన చెప్పినట్టే తీసుకున్నాం. పూజ అయిపోయాక కూడా మందసం దగ్గర ఎర్ర దీపం వెలుగుతుండేది ఆయన అక్కడ ఉన్నారనే. పక్కింటి అంకుల్ వాళ్ళు వేరేగా నమ్ముతారు, వాళ్ళతో గొడవ పెట్టుకోవద్దని, ఎగతాళి చెయ్యొద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి, మనం నమ్మేది మాత్రం సిగ్గుపడకుండా చెప్పడం నేర్పించండి.

నమిలితే యేసయ్యకి నొప్పి పుడుతుందా?

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, నవ్వకండి, ఆ పిల్ల నిజంగా ఆయన మీద ప్రేమతో అడుగుతోంది. నొప్పి పుట్టదమ్మా అని చెప్పండి, ఆయన చనిపోయి లేచారు, ఇంక ఆయనకి బాధ లేదు, చావు లేదు. నమలొచ్చు, కరిగించుకోవచ్చు. అప్పాన్ని ముక్కలు చేస్తే ప్రభువు ముక్కలవ్వరు, ప్రతి ముక్కలోనూ పూర్తిగా ఉంటారు. పాస్కా (ఈస్టర్) రాత్రి ఒక్క పాస్కా వత్తి నుంచి గుడిలో అందరి కొవ్వొత్తులూ వెలిగిస్తాం కదా, పెద్ద వత్తి వెలుగు ఏమైనా తగ్గిందా అని అడగండి, చాలు.

హిందూ గుళ్ళో పెట్టే ప్రసాదం లాంటిదేనా అని మా ఫ్రెండ్ అడిగాడు, ఏం చెప్పను?

ఫ్రెండ్ వాళ్ళింట్లో ప్రసాదం మీద ఎంత భక్తి ఉందో ముందు ఒప్పుకోమనండి, కింద పడనివ్వరు, కళ్ళకద్దుకుని తింటారు. మనం నమ్మేది మాత్రం వేరు. దేవుడికి పెట్టిన తిండిని తర్వాత మనం తినడం కాదు ఇది, ప్రభువు తన్ను తానే ఇస్తున్నారు, తీసుకున్నవాళ్ళు ఆయనతో, ఆయన్ని తీసుకున్న మిగతా అందరితో ఒకటి అవుతారు. "మేం అలా నమ్ముతాం రా" అని ఒక్క మాటలో చెప్తే సరిపోతుంది, ఎనిమిదేళ్ళ పిల్లలిద్దరూ వాదించుకోవాల్సిన పని లేదు.

మనది వరి పండే నేల కదా, బియ్యప్పిండితో అప్పం ఎందుకు చెయ్యరు?

మా పిల్లలే అడగగలిగిన ప్రశ్న ఇది! తిరుసభ చట్టం ప్రకారం అప్పం గోధుమతోనే చెయ్యాలి, రసం ద్రాక్షతోనే. కడరా భోజనంలో ప్రభువు వాడిన వాటినే తిరుసభ పట్టుకుంది, ఊరిని బట్టి మార్చుకోవడానికి లేదు. గోధుమ పడని జబ్బు ఉన్నవాళ్ళకి గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పం వాడొచ్చు, అసలు గ్లూటెన్ లేనిది మాత్రం చెల్లదని 2017లో కూడా రోము నుంచి మళ్ళీ స్పష్టం చేశారు, మీ పిల్లకి అలాంటి ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి.

మరి మన బియ్యానికి పూజలో చోటే లేదా అంటే ఉందండి. కానుకల ఊరేగింపులో అప్పం, ద్రాక్షరసంతో పాటు పేదలకోసం డబ్బు, ఇతర కానుకలు కూడా తీసుకురావచ్చని పూజ నియమాల్లోనే ఉంది. వాటిని బలిపీఠం మీద పెట్టరు, పక్కన తగిన చోట పెడతారు. అంటే సంచీడు బియ్యం బలిపీఠం పక్కనే ఉండగా పూజ జరుగుతుంది. పిల్లల చేత ఆ సంచీ మోయించండి.

అయిదు రొట్టెలు రెండు చేపలు, అది అద్భుతమా లేక అందరూ దాచుకున్నవి బయటికి తీశారా?

అందరూ మూటలు విప్పారనే మాట ఈమధ్య బాగా తిరుగుతోంది. సువార్తల్లో అలా లేదండి, నాలుగు సువార్తలూ దీన్ని ప్రభువు చేసిన అద్భుతంగానే రాశాయి. పురుషులే అయిదు వేలు, తిన్నాక పన్నెండు గంపలు మిగిలాయి.

అయితే ఈ కథలో పిల్లలకి చూపించాల్సినవి ఇంకా ఉన్నాయి. శిష్యులు జనాన్ని పంపించెయ్యమంటే "మీరే వాళ్ళకి భోజనం పెట్టండి" అన్నారు, పని వాళ్ళ చేతికే ఇచ్చారు. రొట్టెలు తీసుకుని, కన్నెత్తి స్తోత్రం చేసి, విరిచి ఇచ్చారు, కడరా భోజనంలో చేసింది కూడా అదే వరసలో. తర్వాత ఏదీ వృథా పోకూడదని ముక్కలు ఏరించారు. మూడూ కలిపి చెప్పండి, అప్పుడు పూజలో గురువు అప్పాన్ని ఎత్తినప్పుడు పిల్లకి ఆ పచ్చిక, ఆ జనం, ఆ ఆకలి కూడా గుర్తొస్తాయి.

## పాపసంకీర్తనం దగ్గర

ఎనిమిదేళ్ళ పిల్లకి పాపాలేముంటాయండి, ముందు పాపసంకీర్తనం ఎందుకు?

ప్రథమ సత్ప్రసాదానికి ముందు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర తప్పులు చెప్పుకుని క్షమాపణ పొందడం, చేయించడం నియమం. భయపెట్టొద్దు, లిస్టు రాసివ్వొద్దు. తమ్ముడికి ఇవ్వకుండా జున్ను దాచుకున్నావా, ఎవరిదైనా టిఫిన్ బాక్స్ తెరిచి "మీకు రోజూ పచ్చడేనా" అన్నావా, ఎవరి పక్కనైనా కూర్చోనన్నావా, ఇలా వాళ్ళ బతుకులోంచి అడిగితే పిల్లలకి వెంటనే తెలిసిపోతుంది. ఆ చివరిది మాత్రం ఇంట్లో పెద్దాళ్ళ దగ్గర నేర్చుకున్నదై ఉంటుంది, అప్పుడు పెద్దాళ్ళు కూడా పిల్లలతో పాటు పాపసంకీర్తనం వరసలో నిలబడాలి.

## ఆ రోజు

రాత్రి నుంచి ఏమీ తినకూడదని మా నాయనమ్మ అంటోంది, నిజమేనా?

నాయనమ్మ చిన్నప్పుడు నిజమే. అర్ధరాత్రి నుంచి ఉపవాసం ఉండేవాళ్ళు, పన్నెండవ పయస్ పోపు గారు 1957లో మూడు గంటలకి తగ్గించారు, ఆరవ పౌలు పోపు గారు 1964లో ఒక గంటకి. ఇప్పుడు సత్ప్రసాదం తీసుకోడానికి ఒక గంట ముందు నుంచి తినకుండా ఉంటే చాలు, పూజ మొదలవ్వడానికి గంట ముందు కాదు. మంచినీళ్ళు, మందులు ఎప్పుడైనా తీసుకోవచ్చు, ముసలివాళ్ళకీ రోగులకీ వాళ్ళని చూసుకునేవాళ్ళకీ ఆ గంట కూడా పట్టింపు లేదు. కాబట్టి పిల్లకి పొద్దున్నే రెండు ఇడ్లీలు పెట్టి తీసుకురండి, ఖాళీ కడుపుతో కళ్ళు తిరిగి పడిపోతే ప్రభువుకి సంతోషం కాదు.

చేతిలో తీసుకోవాలా, నాలుక మీదా? కింద పడితే?

మన దేశంలో రెండూ ఉన్నాయి, మీ విచారణలో నేర్పినట్టు చెయ్యండి. చేతిలో అయితే ఎడమ అరచెయ్యి పైన, కుడిచెయ్యి దాని కింద, గురువు "క్రీస్తు శరీరము" అంటే "ఆమెన్" అని గట్టిగా చెప్పి, కుడిచేత్తో తీసుకుని అక్కడే నోట్లో వేసుకోవాలి. మనం అన్నం తినేది కూడా కుడిచేత్తోనే కాబట్టి పిల్లలకి తేలిక. జేబులో పెట్టుకోకూడదు, ఇంటికి తీసుకెళ్ళకూడదు. కింద పడితే కంగారు పడొద్దు, తొక్కకుండా అక్కడే ఆగి ఫాదర్ గారికి చెప్తే ఆయన తీస్తారు. ఆ పిల్లని జన్మంతా గుర్తుండేలా అరవొద్దని పెద్దాళ్ళకి నా మనవి.

తెల్లగౌను, కిరీటం, ఫ్లెక్సీ, వీడియో, భోజనాలు, అందరూ చేస్తున్నారు, అప్పు చెయ్యకుండా ఎలా?

గౌను నియమం కాదు, శుభ్రమైన బట్టలుంటే చాలు. కొన్నేళ్ళ కిందటి పిల్లల గౌన్లు ఉతికి ఇస్త్రీ చేసి విచారణలో ఒక బీరువాలో పెట్టుకుంటే ఎవరికి సరిపోయినవి వాళ్ళు వాడుకోవచ్చు, అప్పుడు ఎవరిది కొత్తదో ఎవరిది పాతదో కూడా తెలియదు. డ్వాక్రా లోను తీసి ఫ్లెక్సీ కట్టించిన ఇళ్ళు నాకు తెలుసు, కడుపు తరుక్కుపోతుంది.

భోజనాల సంగతి మాత్రం పెద్ద విషయమే. కొరింతు ఊళ్ళో క్రైస్తవులు ప్రభు భోజనానికి చేరినప్పుడు, కలిగినవాళ్ళు ముందే తిని తాగి మత్తెక్కి ఉండేవాళ్ళు, లేనివాళ్ళు ఆకలితో మిగిలిపోయేవాళ్ళు. మీరు తింటున్నది ప్రభు భోజనం కానే కాదని పౌలు గారు మొహం మీదే రాశారు, 1 కొరింతీ 11 తీసి చదవండి. మన దగ్గర "బంతిలో వలపక్షం కూడదు" అంటాం, అదే. ఒకే పూజలో ఒకే బలిపీఠం దగ్గర తీసుకున్న పిల్లలు మధ్యాహ్నానికి ఒకళ్ళు షామియానా కింద బిర్యానీ, ఒకళ్ళు ఇంట్లో పచ్చడి మెతుకులు తింటే పిల్లలకి ఏం అర్థమవుతుంది? కొందరికి వేరే ప్లేట్లు, వేరే బంతి, చివర్లో పిలవడం, ఇవి ఇంకా జరుగుతున్నాయి, జరగట్లేదని అనకండి. అందుకని నా సలహా, ఇంటింటికీ వేరే విందులొద్దు, అన్ని ఇళ్ళవాళ్ళూ ఎవరికి కుదిరింది వాళ్ళు వేసుకుని గుడి ఆవరణలో ఒక్క భోజనం, పులిహోర, పప్పు, కూర, పెరుగు, పరమాన్నం. పేటలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళని పిల్లలే వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురావాలి, వడ్డన కూడా కొంతసేపు పిల్లలే చెయ్యాలి.

నాలుగో శతాబ్దం చివర్లో అంతియొకయలో ప్రసంగాలు చెప్పిన పునీత యోహాను క్రిసోస్తోం గారు కూడా ఇదే అడిగారు, గుడిలో క్రీస్తుని పట్టుబట్టలతో గౌరవించి, బయట చలికి బట్టల్లేకుండా ఉన్న అదే క్రీస్తుని వదిలేస్తారా అని.

మా లూథరన్ బంధువులు, పక్కింటి హిందూ పిల్లలు ఆ రోజు వస్తారు, వాళ్ళు సత్ప్రసాదం తీసుకోవచ్చా?

తీసుకోకూడదండి. సత్ప్రసాదం మన విశ్వాసంతో పూర్తిగా ఏకమైనవాళ్ళకి, దానికి సిద్ధపడినవాళ్ళకి. ఇది వాళ్ళని తక్కువ చెయ్యడం కాదు, మన పిల్లలే ఏడాది సిద్ధపడి గానీ తీసుకోవట్లేదు కదా. ముందురోజే మర్యాదగా చెప్పేస్తే వరసలో ఇబ్బంది ఉండదు, కొన్ని విచారణల్లో చేతులు గుండెల మీద పెట్టుకుని వస్తే గురువు దీవెన ఇస్తారు, మీ దగ్గర ఆ పద్ధతి ఉందో లేదో అడగండి. భోజనం దగ్గర మాత్రం ఏ తేడా లేదు. బలిపీఠం దగ్గర ఆగినవాళ్ళని అన్నం దగ్గర ముందు కూర్చోబెట్టండి.

## పంచుకోవడం దగ్గర

మన డెల్టా అన్నపూర్ణ కదా, రేషన్ బియ్యం కూడా ఇస్తున్నారు, ఆకలి ఎక్కడుందండి?

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల తీరే మారింది, నిజం. కానీ ధాన్యం పండే ఊళ్ళో అందరి కంచంలోనూ అన్నం ఉందని కాదు. రేషన్ మనిషికి నెలకి 5 కిలోలు, అంటే రోజుకి 170 గ్రాముల లోపు, కాయకష్టం చేసేవాళ్ళకి అదెక్కడ చాలుతుంది? పైగా బియ్యం ఒక్కటే కాదు, పప్పు, నూనె, గ్యాస్ కావాలి. కోతలు మెషీన్లు చేస్తున్నాయి, చేలు చేపల చెరువులయ్యాక కూలి దినాలు తగ్గాయి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యి కాలవలు కట్టేశాక, మళ్ళీ సార్వా (మొదటి పంట) ఊడ్పులయ్యాక, కూలికెళ్ళే ఇళ్ళల్లో చేతిలో పని ఉండదు. పిల్లలు దూరదేశాల్లో ఉండి డబ్బు పంపినా, లేచి వండుకునే ఓపిక లేక బన్ను, టీతో పూట గడిపే ముసలాళ్ళు ఉన్నారు. పిల్లల్ని తీసుకుని ఒక వీధి నడవండి, భిక్షగాళ్ళని వెతకొద్దు, పొయ్యి వెలగని ఇల్లు ఏదో పిల్లలకే ముందు తెలుస్తుంది.

పిడికెడు బియ్యం ఎలా మొదలుపెట్టాలి?

మన సంఘాల్లో ఆడవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నదే ఇది. ఎసట్లోకి బియ్యం కొలిచేటప్పుడు అందులోంచే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వెయ్యడం. ఆ పని పిల్లకి అప్పజెప్పండి, పిల్ల పిడికిలే కొలత. మిగిలినవి కాదు, వండకముందే తీసినవి. ఆదివారం కానుకల్లో తెస్తారు, క్లాసు తర్వాత పురుగు, రాళ్ళు చూసి పాత బియ్యం కొత్త బియ్యం కలపకుండా సంచులు కట్టి, పప్పు, ఉప్పు, నూనె పెద్దాళ్ళు కలిపి ఇస్తారు. పుచ్చినవి, మనం తినలేనివి ఇవ్వకూడదు. తపస్కాలంలో (పాస్కాకి ముందు నలభై రోజుల్లో) దీన్ని మొదలుపెడితే తేలిక, పిల్లలు చాక్లెట్ మానేస్తే ఆ డబ్బులు కూడా కలుపుకోవచ్చు. పాస్కా అయ్యాక ఆపెయ్యొద్దు, మేలో బడి సెలవులు, మధ్యాహ్న భోజనం ఉండదు, అప్పుడే ఎక్కువ కావాలి.

అన్నం పెట్టి మతం మారుస్తున్నారని అంటారేమో, భయంగా ఉంది.

అన్నానికి షరతు పెట్టకండి, అప్పుడు భయపడాల్సింది ఉండదు. అన్నం ముందు బలవంతంగా ప్రార్థన చేయించడం, కరపత్రం చేతిలో పెట్టడం, "ఆదివారం గుడికి రండి" అని బేరం ఆడటం, ఇవేవీ వద్దు. ప్రేమతో చేసే సేవని మతంలోకి లాగడానికి సాధనంగా వాడకూడదని పదహారవ బెనెడిక్ట్ పోపు గారు 2005లో తన మొదటి విశ్వలేఖలోనే రాశారు. ఎవరైనా అడిగితే మన విశ్వాసం చెప్తాం, అడగకపోతే అన్నం పెడతాం.

పిల్లలకి రెండు కథలు చెప్పండి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909), గోదావరి దాటి వచ్చేవాళ్ళకి ఏ వేళ అయినా, ఎవరన్నది అడక్కుండా వండి పెట్టారు, ఆవిడ క్రైస్తవురాలు కాదు, ఆవిడ దగ్గర మనం నేర్చుకోడానికి మొహమాటం ఎందుకు. రెండోది మదర్ తెరెసా గారు 1979లో నోబెల్ ప్రసంగంలో చెప్పింది. ఎనిమిదిమంది పిల్లలున్న ఒక హిందూ కుటుంబం చాలా రోజులుగా తినలేదని తెలిసి ఆవిడ బియ్యం తీసుకెళ్ళారు. ఆ తల్లి బియ్యాన్ని రెండు వాటాలు చేసి ఒక వాటా పట్టుకుని బయటికి వెళ్ళింది. ఎక్కడికెళ్ళావమ్మా అంటే, వాళ్ళకీ ఆకలిగా ఉంది అంది. పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం, వాళ్ళ ఆకలి ఈవిడకి తెలుసు. మదర్ ఆ సాయంత్రం ఇంకా బియ్యం తేలేదట, పంచుకున్న ఆనందం వాళ్ళకి దక్కాలని. ఈ కథ అయ్యాక క్లాసులో ఎవరూ మాట్లాడరు, వెంటనే ప్రశ్నలు వెయ్యకండి.

తాగొచ్చేవాడికి కూడా పెట్టాలా? పని చెయ్యనివాడు తినకూడదని బైబుల్లోనే ఉంది కదా.

ఉంది, 2 తెస్సలోనిక 3లో. అది పని చెయ్యగలిగి కూడా చెయ్యడానికి ఇష్టపడకుండా ఇళ్ళ వెంట తిరిగేవాళ్ళకి పౌలు గారు రాసింది, పని దొరకని కూలీకి కాదు, మంచాన పడ్డవాళ్ళకి కాదు, తాగుబోతు తండ్రి పిల్లలకి అసలే కాదు. తాగొచ్చినవాడికి డబ్బులివ్వకండి, అన్నం పెట్టండి. పిల్లల్ని మాత్రం ఒంటరిగా పంపకండి.

ఫోటోలు తీసి గ్రూపులో పెట్టొచ్చా? మిగతావాళ్ళకి ఆదర్శంగా ఉంటుందని.

బియ్యం సంచుల ఫోటో పెట్టండి, పిల్లలు కూరగాయలు తరుగుతున్నది పెట్టండి. అన్నం అందుకుంటున్న మనిషి మొహం వద్దు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పారు. రేపు అదే క్లాసులో ఆ మనిషి మనవడు కూర్చుంటాడు.

## ప్రథమ సత్ప్రసాదం అయ్యాక

అయిపోగానే పిల్లలు క్లాసుకి రావడం మానేస్తున్నారు, ఏం చెయ్యాలి?

పని అప్పజెప్పండి. సుమారు 155లో రోములో పునీత జస్టిన్ గారు ఆదివారం పూజ గురించి రాసిపెట్టారు, అందులో రెండు పనులు కనిపిస్తాయి. పూజకి రాలేనివాళ్ళకి పరిచారకులు సత్ప్రసాదం తీసుకెళ్ళేవాళ్ళు, కలిగినవాళ్ళు ఇచ్చిన కానుకతో అనాథల్ని, వితంతువుల్ని, రోగుల్ని, ఖైదీల్ని, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళని చూసుకునేవాళ్ళు. ఆ రెండూ ఇప్పటికీ పిల్లలకి సరిపోయే పనులే. ఫాదర్ గారో సిస్టర్ గారో మంచాన పడ్డవాళ్ళకి సత్ప్రసాదం తీసుకెళ్తుంటే ఇద్దరు పిల్లలు కొవ్వొత్తి పట్టుకుని వెంట వెళ్ళాలి, తిరిగొచ్చేటప్పుడు ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో చూసి రావాలి.

కొంచెం పెద్ద పిల్లలకి కార్లో అక్యుటిస్ గురించి చెప్పండి, 1991లో పుట్టి 2006లో పదిహేనేళ్ళకే చనిపోయాడు, 2025 సెప్టెంబర్ 7న పునీతుడిగా ప్రకటించారు. కంప్యూటర్ బాగా వచ్చు, సత్ప్రసాద అద్భుతాల మీద వెబ్‌సైట్ చేశాడు, అది అందరూ చెప్తారు. మిలాన్ వీధుల్లో పడుకునేవాళ్ళకి తిండి తీసుకెళ్ళేవాడని మాత్రం చాలామంది వదిలేస్తారు, మీరు వదలకండి.

వరదొచ్చి లంకలో చిక్కుకుపోతే, ఆదివారం పూజకి వెళ్ళకపోతే పాపమా?

కాదు. వెళ్ళడం సాధ్యం కానప్పుడు ఆ బాధ్యత ఉండదు, పిల్లలు భయపడుతుంటే ముందు ఈ మాట చెప్పండి. ఇంట్లోనో పునరావాస కేంద్రంలోనో అందరూ కలిసి ఆ ఆదివారం సువార్త చదివి, పరలోక జపం చెప్పి, సత్ప్రసాదం తీసుకోవాలని ఉందని ప్రభువుకి మనసులో చెప్పుకుంటే సరి. 2022 జూలైలో లాగా నీళ్ళు రోజుల తరబడి తియ్యకపోతే, గట్టు మీదున్న విచారణల పిల్లలకి పని ఉంటుంది. పడవలో పంపే సంచిలో పచ్చి బియ్యం కన్నా అటుకులు, మరమరాలు, బెల్లం, బిస్కెట్లు, పాలపొడి, మంచినీళ్ళ సీసాలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి, పొయ్యి మునిగిపోయిన ఇంట్లో బియ్యం వండుకోడానికి ఉండదు. చంటిపిల్లలున్న ఇళ్ళు ఏవో, షుగర్ మందులు వాడే ముసలివాళ్ళు ఎవరో పిల్లలు జూన్‌లోనే కాగితం మీద రాసి ఉంచితే, నీళ్ళొచ్చిన రోజు వెతుక్కోనక్కర్లేదు.